ఒక గది, ఒక కుక్కర్: చదువుకునే రోజుల్లో తక్కువ ఖర్చుతో బాగా తినడం ఎలా

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నా, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నా, విజయవాడలోనో తిరుపతిలోనో విడిగా గది తీసుకుని డిగ్రీ చదువుతున్నా, తిండి లెక్క ఒకే తీరుగా తప్పుతుంది. ఇంటి నుంచి డబ్బు వచ్చిన వారం బిర్యానీ, ఇరవయ్యో తారీఖు దాటాక బ్రెడ్డు, నూడుల్స్, టీ. మధ్యలో అమ్మ ఫోను చేసి తిన్నావా అంటే, తిన్నాననే అబద్ధం.

డబ్బు ఏ వేళకు జారిపోతున్నదో ఒక వారం గమనించండి. చాలామందికి అది రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య పోతుంది. లైబ్రరీ నుంచో కోచింగ్ నుంచో తల వేడెక్కి గదికి చేరతారు. తినడానికి సిద్ధంగా ఏమీ ఉండదు, బియ్యం కడిగే ఓపిక ఉండదు, చేతిలో ఫోను మాత్రం ఉంటుంది. అందుకే కింద చెప్పేదంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది: ఆకలి వేశాక వంట మొదలుపెట్టకూడదు. ఆకలి వేసే వేళకు సగం పని అయిపోయి ఉండాలి.

1. ముందు ఒక రోజు లెక్క కాగితం మీద వేయండి

ఒంటరిగా ఉండే విద్యార్థికి రోజుకు పావు కిలో బియ్యం, 60 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల పాలు (పెరుగుగానో టీగానో), ఒక గుడ్డు, గుప్పెడు వేరుసెనగపప్పు, 200 గ్రాముల కూరగాయలు, రెండు చెంచాల నూనె ఉంటే కడుపు నిండుతుంది. కిలో బియ్యం 60, కందిపప్పు 130, లీటరు పాలు 60, గుడ్డు 7 రూపాయలు అనుకుని లెక్క కట్టండి. బియ్యానికి 15, పప్పుకు 8, పాలకు 18, గుడ్డుకు 7, కూరగాయలకు 12, వేరుసెనగపప్పుకు 4, నూనెకు 4, ఉప్పు, కారం, చింతపండు వంటి వాటికి 5, గ్యాసుకో కరెంటుకో 6. మొత్తం 80 రూపాయల లోపే. మీ వీధిలో ధరలు వేరుగా ఉంటే ఆ అంకెలు వేసుకోండి. ఎటు తిప్పినా నెలకు రెండున్నర వేల దగ్గర తేలుతుంది.

ఈ తిండి చవకదే కాదు, బలమైనది కూడా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పైన రాసిన జాబితాలో బియ్యం నుంచి 18, పప్పు నుంచి 13, పాల నుంచి 9, గుడ్డు నుంచి 6, వేరుసెనగ నుంచి 6 గ్రాములు వస్తాయి. లెక్క సరిపోయింది. ప్రోటీన్ పొడి డబ్బా కొనాలని ఎవరైనా ఊదరగొడితే ఈ కాగితం చూపించండి. గుడ్డు తినని వారు బదులుగా గుప్పెడు ఉడికించిన సెనగలు తినవచ్చు. మీల్‌మేకర్ తిన్నా సరే. ఎండు మీల్‌మేకర్ బరువులో సగం ప్రోటీనే. వేడి ఉప్పునీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి టమాటా కూరలో వేస్తే చాలు. పిండకుండా వేస్తే మాత్రం ఆ వాసనకు మళ్లీ దాని జోలికి పోరు.

2. సామాను: తక్కువే కొనండి, చూసి కొనండి

కావలసినవి ఇవి: మూడు లీటర్ల కుక్కరు, దానిలో ఒకదానిపై ఒకటి పట్టే రెండు చిన్న గిన్నెలు, ఒక బాణలి, ఒక గరిటె, ఒక చాకు, పోపుల డబ్బా, గట్టి మూత ఉన్న నాలుగైదు స్టీలు డబ్బాలు, వెల్లుల్లి దంచుకోవడానికి చిన్న రోలు. మిక్సీ లేకపోయినా గడుస్తుంది. కుక్కరు కొనేటప్పుడు గిన్నెలను దుకాణంలోనే లోపల పెట్టి, మూత పెట్టి చూడండి. రెండు గిన్నెలు పట్టని కుక్కరు ఒంటరి గదికి పనికిరాదు. ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

పొయ్యి సంగతి. ఇండక్షన్ స్టవ్ తీసుకుంటే అయస్కాంతం అంటుకునే అడుగు ఉన్న పాత్రలే దానిపై పనిచేస్తాయి. మామూలు అల్యూమినియం కుక్కరు పెడితే వేడెక్కదు. కొనబోయే గిన్నె అడుగుకు ఒక అయస్కాంతం ముక్క ఆనించి చూడండి, అంతకన్నా పరీక్ష అక్కరలేదు. 1200 వాట్ల స్టవ్ ఇరవై నిమిషాలు నడిస్తే 0.4 యూనిట్ కాలుతుంది. ఇంటి యజమాని యూనిట్‌కు పది రూపాయల చొప్పున తీసుకున్నా నాలుగు రూపాయలే. గది అద్దెకు తీసుకునే ముందే ఇండక్షన్ వాడుకోవచ్చా అని అడగండి. తర్వాత అడిగితే సమాధానం వేరుగా ఉంటుంది.

గ్యాసే కావాలంటే 5 కిలోల చిన్న సిలిండరు ఉంది. ఇండేన్ దానిని ఛోటూ పేరుతో అమ్ముతుంది. దీనికి చిరునామా రుజువు అక్కరలేదు, ఏదైనా గుర్తింపు కార్డు చాలు. అద్దె ఒప్పందం లేని విద్యార్థుల కోసమే ఉన్నట్టుంటుంది. వీధి చివరి దుకాణంలో పెద్ద సిలిండరు నుంచి చిన్న స్టవ్‌లోకి గ్యాసు నింపి ఇస్తారు, ఆ పని మాత్రం వద్దు. అది చట్టవిరుద్ధం, పేలుళ్లు జరిగేది అక్కడే.

3. సరుకులు నెలకు, కూరగాయలు వారానికి రెండుసార్లు

బియ్యంతో మొదలుపెడదాం. దుకాణంలో బస్తాలు 26 కిలోలవి కనిపిస్తాయి. 2022 జులైలో 25 కిలోల వరకు ఉండే ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేశారు, మిల్లర్లు ఒక కిలో ఎక్కువ నింపి గట్టెక్కారు. ఒక్కరికి ఆ బస్తా మూడు నెలల పైన వస్తుంది, ఈలోగా పురుగు పడుతుంది. పక్క గది వారితో కలిసి పంచుకోండి, లేదా విడిగా అయిదేసి కిలోలు తెచ్చుకోండి. పాత బియ్యం అడగండి. కిలోకు నాలుగైదు రూపాయలు ఎక్కువైనా నీళ్లు ఎక్కువ పీల్చి ఎక్కువ అన్నం అవుతుంది, మెతుకు ముద్ద కట్టదు. కొత్త బియ్యంతో అన్నం వండడం చేయి తిరిగిన వారికే కష్టం.

ఇంట్లో రేషన్ కార్డు ఉండి అందులో మీ పేరు ఉంటే, మీ వాటా బియ్యం నెలనెలా వస్తూనే ఉంటుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి ఒక్కొక్కరికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. పండుగకు ఊరు వెళ్లినప్పుడు ఆ బియ్యం తెచ్చుకోండి. కార్డు ఊళ్లో ఉన్నా, వేలిముద్ర వేసి వేరే చోట రేషన్ దుకాణంలో తీసుకునే వీలుంది. మీ వీధి డీలరును అడిగితే చెబుతాడు. ఊరి నుంచి పార్సిలు పంపించుకోవడానికి ఆర్టీసీ కార్గో ఉంది. అందులో బియ్యం కంటే ముందు అమ్మను అడగవలసినవి కందిపొడి, ఆవకాయ, వేయించిన వేరుసెనగపప్పు. పట్నంలో వీటిని కొంటే ధర మూడింతలు, రుచి మూడో వంతు.

కూరగాయలకు రైతుబజారు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ బజార్లు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురంలో, విశాఖలో ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో ఉన్నాయి. లోపలికి వెళ్లగానే ఆనాటి ధరల బోర్డు ఉంటుంది. మొదట దాన్ని చదవండి, ఆ తర్వాతే దుకాణాల వైపు వెళ్లండి. ఏది వండాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్లకండి. బోర్డులో ఏ ధర అన్నిటికన్నా తక్కువ ఉంటే ఆ వారం అదే కూర. దగ్గరలో రైతుబజారు లేకపోతే వారానికోసారి వీధిలో పెట్టే సంత చూసుకోండి. రాత్రి దుకాణాలు సర్దే వేళకు ఆకుకూర కట్టలు సగం ధరకు వస్తాయి, కానీ అవి ఆ రాత్రో మర్నాడు పొద్దుటో వండేయాలి.

ఫ్రిజ్ లేని గదికి కొనే వరుస ముఖ్యం. తోటకూర, పాలకూర, మెంతికూర తెచ్చిన రోజో మర్నాడో అయిపోవాలి. బెండకాయ, వంకాయ, బీరకాయ రెండు మూడు రోజులు ఆగుతాయి. దోసకాయ, సొరకాయ, కంద, బంగాళాదుంప, ఉల్లిపాయ వారం దాటినా చెడవు. ప్రతిసారీ ఒక ఆకుకూర, ఒక మెత్తటి కాయ, ఒక గట్టి కాయ తెచ్చుకుంటే ఏదీ పారేయనక్కరలేదు. కరివేపాకును తుడిచి, ఆరబెట్టి, స్టీలు డబ్బాలో వేస్తే రోజుల తరబడి ఉంటుంది, ఎండినా పోపుకు పనికొస్తుంది.

4. కుక్కరులో అన్నం, పప్పు ఒకేసారి

మొత్తం వ్యవహారానికి ఇదే వెన్నెముక కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పొద్దున స్నానానికి వెళ్లే ముందు ఒక గిన్నెలో అర గ్లాసు కందిపప్పు, మరో గిన్నెలో గ్లాసు బియ్యం కడిగి నానబెట్టండి. వచ్చాక పప్పు గిన్నెలో పప్పుకు మూడింతల నీళ్లు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె వేయండి. నూనె వేస్తే పప్పు పొంగి కుక్కరు విజిల్ గొట్టంలోకి పోదు. తరిగిన కూరగాయ ముక్కలు అందులోనే వేయండి. బియ్యం గిన్నెలో గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే ఇంకో పావు గ్లాసు. కుక్కరు అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి, కింద పప్పు, పైన బియ్యం పెట్టండి. పప్పుకు వేడి ఎక్కువ కావాలి కాబట్టి దాని చోటు కిందే. మధ్యస్థమైన మంటపై నాలుగు విజిళ్లు రానిచ్చి ఆపేయండి. ఆవిరి దానంతట అది దిగేదాకా మూత తీయవద్దు. ఆ పది నిమిషాల్లోనే మిగతా ఉడుకు పూర్తవుతుంది, గ్యాసు ఖర్చు లేకుండా.

ఇక్కడ ఒక జాగ్రత్త. పులుపు ముందే వేస్తే పప్పు మెత్తబడదు. చింతపండు రసం, గోంగూర, మామిడికాయ లాంటివి పప్పుతో కలిపి ఉడకబెడితే పలుకుగా మిగిలిపోతుంది. గోంగూరను బాణలిలో చెంచా నూనెతో విడిగా మగ్గించి, ఉడికిన పప్పులో కలపండి. టమాటా అంత పులుపు కాదు గనుక ముక్కలుగా పైన వేస్తే ఫరవాలేదు. దోసకాయ అయితే తరిగే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. ఒక్క చేదు కాయ గిన్నెడు పప్పును పాడు చేస్తుంది, దానికి మందు లేదు.

తర్వాత పోపు. తొందరలో చాలామంది చెడగొట్టేది ఇక్కడే. బాణలిలో చెంచాన్నర నూనె బాగా కాగాక ఆవాలు వేయండి. అవి చిటపటమనడం తగ్గాక మినప్పప్పు, అది ఎర్రబడుతుండగా జీలకర్ర, రెండు ఎండుమిర్చి, దంచిన నాలుగు వెల్లుల్లి రేకలు. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకు తిరిగితే చాలు, వెంటనే కరివేపాకు, చిటికెడు ఇంగువ వేసి పొయ్యి ఆపేయండి. మిగిలిన వేడికే అవి వేగుతాయి. నల్లబడ్డ వెల్లుల్లి చేదు, మాడిన ఆవాలు చేదు. ఆ పోపులో పప్పు పోసి, ఉప్పు, కారం, పులుపు చూసుకుని ఒక ఉడుకు రానివ్వండి.

మొత్తం కలిపి చేయి ఆడవలసిన సమయం పావుగంట కన్నా ఎక్కువ ఉండదు. మిగతా సేపు కుక్కరు దాని పని అది చేసుకుంటుంది, మీరు పుస్తకం తెరిచి కూర్చోవచ్చు.

ఈ పప్పునే వారమంతా వేర్వేరుగా తినవచ్చు. తోటకూర వేస్తే ఒకటి, సొరకాయ వేస్తే ఒకటి, వేసవిలో మామిడికాయ పప్పు. మధ్యాహ్నం మిగిలిన పప్పులో పలచటి చింతపండు రసం, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసి మరిగిస్తే రాత్రికి పప్పుచారు. పెసరపప్పు కందిపప్పు కన్నా త్వరగా ఉడుకుతుంది, చాలాసార్లు ధర కూడా తక్కువే. ఒంట్లో బాగాలేని రోజున బియ్యంతో కలిపి నాలుగు మిరియాలు వేసి పులగం వండుకోవచ్చు.

5. రాత్రి ఆకలికి ముందే కాపు కాయండి

ఆదివారం ఒక గంట దీనికి పెట్టండి. ఆ గంటలో చేయదగిన వాటిలో నా ఓటు పులిహోర గుజ్జుకే. 100 గ్రాముల చింతపండును వేడినీళ్లలో నానబెట్టి చిక్కగా పిండండి. బాణలిలో నాలుగు చెంచాల నూనె, పోపు, చీల్చిన పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి, ఆ గుజ్జు పోసి సన్నని మంటపై ఉడికించండి. మొదట కుతకుతలాడుతుంది, చుక్కలు ఎగిరి చేతి మీద పడతాయి, కాబట్టి కాస్త దూరంగా నిలబడండి. చివరకు దగ్గరపడి, అంచుల వెంట నూనె తేలుతుంది. అప్పుడే ఆపాలి. నూనె తేలకముందే దించితే రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. చల్లారాక పొడి గాజు సీసాలోకి తీసి, పొడి చెంచాతోనే వాడండి. వారం పైన నిలవ ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి గదికి వచ్చినా అన్నం పెట్టుకుని, దానిలో రెండు చెంచాల గుజ్జు, గుప్పెడు వేయించిన వేరుసెనగపప్పు కలిపితే భోజనం అయిపోయింది.

రెండోది కందిపొడి. ఇంటి నుంచి రాకపోతే ఒక కప్పు కందిపప్పు, అర కప్పు సెనగపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర దోరగా వేయించి, ఎవరి మిక్సీలోనైనా ఉప్పు, వెల్లుల్లితో పొడి చేయించుకోండి. ఎదురింటి వారికి ఒక గిన్నెడు ఇస్తే మళ్లీసారి కాదనరు.

గుడ్డు మూడో కాపు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక రెండు గుడ్లు కొట్టి పోసి, ఉప్పు, కారం వేసి కలిపితే అయిదు నిమిషాల్లో గుడ్డు పొరటు. అన్నం లేకపోతే అటుకులు కడిగి పిండి, పోపులో వేసి నిమ్మకాయ పిండుకోండి.

ఇవేవీ లేని రోజున, అప్పుడప్పుడు, బయట తిన్నా కొంపలు మునగవు. కాకపోతే ఫోనులో తెప్పించుకునే ముందు బిల్లు చివరి వరకు చదవండి: వంటకం ధర, ప్యాకింగు, డెలివరీ, ప్లాట్‌ఫారం రుసుము, పన్ను. అదే హోటలుకు నడిచి వెళ్లి తింటే పడే ధరతో పోల్చి చూస్తే, చాలాసార్లు కాళ్లు వాటంతట అవే లేస్తాయి.

6. పెరుగు మీరే తోడు పెట్టుకోండి

కప్పు పెరుగు కొనడం కన్నా పాలు కాచి తోడు పెట్టుకోవడం చవక. అర లీటరు పాలు కాచి, పొద్దున టీకి కొంచెం తీసుకుని, మిగిలినవి గోరువెచ్చగా ఉన్నప్పుడు అర చెంచా పెరుగు కలిపి కదపకుండా ఉంచండి. చిటికెన వేలు పెడితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. వేసవిలో నాలుగైదు గంటలకే తోడుకుంటుంది, చలికాలంలో రాత్రంతా పడుతుంది, అప్పుడు గిన్నెను తువ్వాలులో చుట్టి పెట్టండి. రేపటి తోడుకు ఒక చెంచా ముందే తీసి పక్కన ఉంచడం మరవద్దు. పులిసిపోతే మజ్జిగ పులుసు చేసుకోవచ్చు.

7. బయట కొనేటప్పుడు ఏది కొనాలి

అన్నం గదిలో, కూర బయట: ఈ పద్ధతికి తెలుగు పట్టణాల్లో కర్రీ పాయింట్లు ఎదురుచూస్తూనే ఉంటాయి. పరీక్షల రోజుల్లో ఇది మంచి ఉపాయమే. అక్కడ పప్పు, సాంబారు, రసం, ఆకుకూర వేపుడు తీసుకోండి. నూనెలో తేలే గుత్తివంకాయ, ఆలూ వేపుడు, క్రీము రంగు పనీరు కూరలు రోజూ తినేవి కావు. మధ్యాహ్నం వేడిగా దింపే వేళ కనిపెట్టి అప్పుడే వెళ్లండి. రాత్రి తొమ్మిదింటికి దొరికేది చాలాసార్లు మధ్యాహ్నం వండినదే. ఒక ప్యాకెట్టు సాంబారు ఇద్దరికి సరిపోతుంది కాబట్టి పక్క గది వారితో పంచుకుంటే ఖర్చు సగం.

మెస్సులో నెలకు టోకెన్లు కొనేముందు ఒక వారం విడిగా డబ్బిచ్చి తినండి. నెలలో మీరు ఊరు వెళ్లే రోజులు, సెలవులు తీసేసి టోకెను ధర మళ్లీ కట్టి చూడండి. మిగిలిన టోకెన్లు వచ్చే నెలకు చెల్లుతాయా అని ముందే అడగాలి. నా మటుకు మధ్యాహ్నానికి మాత్రమే మెస్సు పెట్టుకుని, పొద్దున, రాత్రి గదిలో తినడం మేలనిపిస్తుంది. మెస్సు భోజనంలో అన్నానికి కొలత ఉండదు, కాబట్టి రోజులో పెద్ద భోజనం అక్కడే పడాలి.

అయిదు రూపాయల భోజనం గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైన కేంద్రాలను ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. అన్న క్యాంటీన్లలో టిఫిను, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం ఒక్కొక్కటి అయిదు రూపాయలే. ఆ వరుసలో పెద్దాసుపత్రికి వచ్చినవారు, ఆటో నడిపేవారు, కూలీలు, మీలాంటి విద్యార్థులు అందరూ ఉంటారు. చదువు కోసం ఊరు వదిలి వచ్చి సొంత సంపాదన లేని మనిషి అక్కడ తినడంలో చిన్నతనం ఏమీ లేదు. మీ గదికి దగ్గరలో ఎక్కడ ఉందో, ఏ వేళకు వరుస తక్కువో కనుక్కుని పెట్టుకోండి.

8. రక్తానికి, మాంసానికి సంబంధించి రెండు మాటలు

హాస్టళ్లలో, గదుల్లో ఉండే అమ్మాయిలకు రక్తహీనత చాలా సాధారణం. అబ్బాయిలకూ రాకపోదు. తోటకూర, సెనగలు, రాగులు, బెల్లం తింటూనే భోజనం అవగానే టీ తాగితే, టీలోని పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి, టీకి మధ్య ఒక గంట ఎడం పెట్టండి. పప్పులో, ఆకుకూరలో తినే ముందు నిమ్మరసం పిండండి, దానిలోని సి విటమిన్ వల్ల ఇనుము బాగా పడుతుంది. నీరసం, ఆయాసం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోవలసిందే, తిండితో సరిపెట్టకూడదు.

మాంసాహారులు ఆదివారం పావు కిలో కోడిమాంసంతో కూర వండుకున్నా బిర్యానీ ధరలో సగం కాదు. కోడి కాలేయం ఇంకా చవక, ఇనుము దండిగా ఉంటుంది. ఎండు రొయ్యలు గుప్పెడు వేస్తే బీరకాయ కూరకు ఎక్కడలేని రుచి వస్తుంది. కాకపోతే వాసన మూడు ఇళ్లు దాటుతుంది. గది ఖాళీ చేయమనే యజమాని ఉన్నచోట ఈ సాహసం వద్దు.

9. మిగిలిన అన్నాన్ని ఏం చేయాలి

మధ్యాహ్నం వండిన అన్నం వేసవిలో రాత్రి దాకా మూత పెట్టి ఉంచేస్తే, కంపు కొట్టకపోయినా చెడి ఉండవచ్చు. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే ఏ పూటకు ఆ పూట కొలిచి వండడమే మంచిది. చిన్న గ్లాసు ఒకటి బియ్యం డబ్బాలోనే పడేసి ఉంచండి, ఒక పూటకు మీకు ఎంత కావాలో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది.

రాత్రి అన్నం మిగిలితే చద్దన్నం చేయండి. అన్నం చల్లారగానే, నిద్రపోయే దాకా ఆగకుండా, అన్నం మునిగేలా మంచినీళ్లు, రెండు చెంచాల మజ్జిగ పోసి మూత పెట్టండి. పొద్దున్నే ఉప్పు, కాస్త పెరుగు కలిపి, పచ్చి ఉల్లిపాయ, ఆవకాయతో తినండి. తేలికైన పుల్లని వాసన రావాలి. జిగురుగా సాగినా, వేరే వాసన వచ్చినా పారేయండి, అక్కడ పొదుపు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పొయ్యి వెలిగించకుండా గడిచిపోయే టిఫిను ఇదే.

10. నెలాఖరు డబ్బా

డబ్బు వచ్చిన రోజే ఒక డబ్బా విడిగా పెట్టండి. అందులో కిలోన్నర బియ్యం, పావు కిలో పెసరపప్పు, వంద గ్రాముల వేరుసెనగపప్పు, నిమ్మకాయంత చింతపండు రెండు ఉండలు, పావు కిలో అటుకులు, చిన్న సీసాలో కందిపొడి. అయిదారు రోజులకు ఇది ఆధారం. డబ్బా మీద తారీఖు రాయండి, ఇరవై అయిదుకు ముందు తెరవకండి. ఆ నెల తెరవవలసిన అవసరం రాకపోతే, ఒకటో తారీఖున ఆ సరుకులు ముందుగా వాడేసి, కొత్తవి మళ్లీ అందులో నింపండి. లేకపోతే అటుకులకు ముక్కిన వాసన, బియ్యానికి పురుగు తప్పవు. బియ్యంలో రెండు ఎండు వేపాకు రెమ్మలు వేసి పెడితే పురుగు కొంత ఆలస్యంగా పడుతుంది.